లివింగ్‌స్టన్ మహాశయుని ఇంటికి చేర్చినవారు

మధ్య ఆఫ్రికాలో, నేటి జాంబియా దేశపు మారుమూల పల్లె ఒకదానిలో డాక్టర్ డేవిడ్ లివింగ్‌స్టన్ హృదయం భూస్థాపితమై ఉన్నది. ఆయన దేహం మాత్రం అక్కడికి కొన్ని వేల మైళ్ల దూరాన, లండను నగరంలో, ఆ దేశపు రాజులూ కవులూ శాశ్వతనిద్ర పోయే వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఉన్నది. ఒక్క మనిషి రెండు ఖండాలలో ఎట్లా సమాధి అయినాడు? ఆ దేహాన్ని అక్కడినుండి ఇక్కడికి చేర్చినవారెవరు? ఆ సంగతి చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన పాఠశాలలో చదువుకున్నవారికి లివింగ్‌స్టన్ పేరు కొత్త కాదు. చీకటిఖండాన్ని శోధించిన మహాపురుషుడనీ, విక్టోరియా జలపాతాన్ని చూచిన మొదటి ఐరోపావాసి అనీ సాంఘికశాస్త్రంలో వల్లె వేసినవారమే. పాఠం అంతటితో ముగిసేది. జబ్బుపడిన ఆయనను భుజాల మీద మోసినవారి ఊసు అందులో లేదు. ఆ మోసినవారిలో ఒకడు బొంబాయి నగరంలో చదువుకున్నాడనీ, మరి కొందరు మన గోదావరి తొలి అడుగులు వేసే నాసిక్‌లో అక్షరాలు దిద్దుకున్నారనీ ఎంతో కాలం తరువాత తెలిసి నేను ఆశ్చర్యపోయాను. మహారాష్ట్రలో స్థిరపడిన మన తెలుగువారి పిల్లలకు ఈ కథ తెలియడం అవసరమని ఆనాడే అనిపించింది.

లివింగ్‌స్టన్ 1813 మార్చి 19వ తేదీన స్కాట్లండులోని బ్లాంటైర్ అనే ఊరిలో జన్మించాడు. పేద కుటుంబం. పదవ ఏట నూలుమిల్లులో చేరాడు. తెగిన నూలుపోగులను అతకడం ఆయన పని. ఉదయం ఆరు గంటలకు లోపలికి వెళితే రాత్రి ఎనిమిదింటికి గాని బయటికి రావడం లేదు. మొదటి వారం కూలిలో కొంత సొమ్ముతో లాటిన్ వ్యాకరణం కొన్నాడు. పుస్తకాన్ని యంత్రం మీద నిలబెట్టి, అటూ ఇటూ తిరిగేటప్పుడు ఒక్కొక్క వాక్యం చదువుకునేవాడు. మిల్లుల కూత వింటూ పెరిగినవారికీ, పగలు సాంచాల మీద పనిచేసి రాత్రి బడిలో కూర్చున్న తండ్రుల బిడ్డలకూ ఈ దృశ్యాన్ని విడమరచి చెప్పవలసిన పని లేదు.

ఆ విధంగా చదువుకొని ఆయన గ్లాస్గోలో వైద్యవిద్య అభ్యసించాడు. 1838లో లండన్ మిషనరీ సొసైటీలో చేరాడు. వెళ్లవలెననుకున్నది చైనాకు, అక్కడ నల్లమందు యుద్ధం రావడం వల్ల ఆ దారి మూసుకుపోయింది. 1841లో దక్షిణాఫ్రికా చేరాడు. 1844లో మబోట్సా వద్ద ఒక సింహం ఆయన మీదికి దూకి ఎడమచేతి పైయెముకను నుగ్గు చేసింది. మెబల్వే అనే ఆఫ్రికా ఉపాధ్యాయుడు తుపాకి ఎక్కుపెట్టి ఆ మృగాన్ని తనవైపు తిప్పుకొనకపోతే లివింగ్‌స్టన్ కథ అక్కడే సమాప్తమయ్యేది. ఎముక సరిగా అతకలేదు. ఆ వంకర ఎముక ముప్పై ఏళ్ల తరువాత మళ్లీ ఈ కథలోకి వస్తుంది.

మతప్రచారకుడుగా ఆయన సాధించినది స్వల్పమనే చెప్పాలి. ఆయన చేతి మీదుగా క్రైస్తవం పుచ్చుకున్నవాడు బక్వేనా తెగ నాయకుడు సెచెలే ఒక్కడేనని చరిత్రకారులు వ్రాస్తారు. గృహస్థుగా కూడ ఆదర్శమని చెప్పలేము. భార్యాబిడ్డలను 1852లో స్వదేశానికి పంపివేసి, తాను ఖండం లోపలికి నడిచాడు. వారు అక్కడ ఇబ్బందులు పడ్డారు. ఆయనలోని ఈ లోపాలను దాచవలసిన అవసరం నాకు కనిపించదు. అయితే ఇచ్చిన మాటను నిలుపుకోవడంలో ఆయన చూపిన పట్టుదలకు ఒక గొప్ప ఉదాహరణ ఉన్నది. తరువాతి కథకంతటికీ అదే మూలం కనుక కొంచెం వివరంగా చెబుతాను.

1853 నవంబరులో ఆయన లిన్యాంటీ నుండి పడమటి సముద్రతీరానికి బయలుదేరాడు. మకొలోలో రాజు సెకెలెటు తన మనుషులను 27 మందిని తోడిచ్చాడు. దారి పొడవునా చలిజ్వరం ఆయనను వదలలేదు. ఎద్దు మీద కూర్చోవడం కూడ కష్టమైపోయింది. ఒకచోట ఏరు దాటుతుండగా ఎద్దు ఆయనను నీటిలో పడవేస్తే, ఇరవై మంది ఒక్కసారిగా దూకి ఆయనను పట్టుకోవడానికి వచ్చారు. అడుగడుగునా తెగల నాయకులు సుంకంగా ఒక మనిషిని గాని, తుపాకిని గాని, ఎద్దును గాని ఇమ్మని అడ్డగించేవారు. మనిషిని ఇచ్చే ప్రసక్తి లేదని ఆయన ప్రతిచోటా తెగేసి చెప్పాడు. ఆ మాట వెంట నడిచే 27 మంది చెవినీ పడుతూనే ఉన్నది.

క్వాంగో నది ఒడ్డున వారు తిండి లేక, తొడుక్కునే బట్టలు లేక నిలిచిపోయిన సమయంలో సిప్రియానో అనే యువకుడు ఎదురుపడ్డాడు. పోర్చుగీసు సైనికదళంలో చిన్న ఉద్యోగి, మిశ్రజాతివాడు. అంతకుముందు లివింగ్‌స్టన్ ముఖం కూడ చూచినవాడు కాడు. వారందరినీ ఇంటికి తీసుకుపోయాడు. పెరటి తోటలోని కూరగాయలన్నీ కోసి, ఎద్దును కోయించి, కొద్దిరోజుల పాటు పొట్టనిండా తిండి పెట్టాడు. వచ్చినవారి దగ్గర బదులివ్వడానికి ఏమీ లేదని అతనికి తెలుసు.

1854 మే 31వ తేదీన లువాండా చేరేటప్పటికి లివింగ్‌స్టన్ ఎముకల గూడులా ఉన్నాడు. ఆ పట్టణంలో ఆయనకు తెలిసినవారు ఒక్కరూ లేరు. బానిస వ్యాపారాన్ని అరికట్టడానికి నియమితుడైన ఎడ్మండ్ గాబ్రియెల్ అనే ఆంగ్లేయుడు ఆయనను చూచి తన పడక తానే ఖాళీ చేసి ఇచ్చాడు. ఆరు నెలలు కటికనేల మీద పడుకున్న మనిషికి ఆ మెత్తని పరుపు ఎట్లా ఉండి ఉంటుందో ఊహించుకోవలసిందే. రోగం తగ్గడానికి నెలలు పట్టింది. గాబ్రియెల్ దగ్గరే ఉండి చూసుకున్నాడు. నౌకాదళ వైద్యుడు వచ్చి చికిత్స చేశాడు. మకొలోలో మనుషులు ఊరకే కూర్చోలేదు. కట్టెలు కొట్టి ఊరిలో అమ్మారు. రేవుకు వచ్చిన ఓడనుండి బొగ్గు దించి కూలి సంపాదించారు.

అప్పుడు నౌకాధికారులు ఆయనను ఇంగ్లండుకు తీసుకుపోతామన్నారు. రోగిష్టి మనిషి, భార్యాబిడ్డలను చూసి రెండేళ్లు దాటింది, ఓడ సిద్ధంగా ఉన్నది. ఆయన ఎక్కలేదు. తన వెంట వచ్చిన 27 మందిని తిరిగి వారి ఇళ్లకు చేరుస్తానని మాట ఇచ్చి ఉన్నాడు. తాను లేకుండా వారు ఆ దారిన తిరిగి పోలేరు. వచ్చిన దారినే, వచ్చిన జ్వరాలతోనే, ఏడాది పాటు వెనక్కి నడిచాడు. 1855 సెప్టెంబరులో లిన్యాంటీ చేరినప్పుడు 27 మందీ ప్రాణాలతో ఉన్నారు. వారి కుటుంబాలు వారు చనిపోయారనుకొని ఏనాడో ఆశ వదులుకున్నాయి.

ఆ తరువాత ఆయన తూర్పుగా నడచి, 1855 నవంబరులో జలపాతాన్ని చూచి, 1856లో తూర్పు తీరం చేరి స్వదేశానికి వెళ్లడం, అక్కడ గ్రంథం ప్రచురించి విఖ్యాతుడు కావడం అందరికీ తెలిసినదే. 1858 నుండి 1864 వరకు సాగిన జాంబెజీ నదీయాత్ర విఫలమైనదని చెప్పి ముందుకు సాగుదాం. ఆ యాత్రలోనే 1862 ఏప్రిల్ 27న భార్య మేరీ షుపాంగాలో జ్వరంతో మరణించింది. ఆ యాత్రలోనే మన కథకు కావలసిన ఇద్దరు మనుషులు కూడ దొరికారు. 1861లో బానిసల వర్తకుల నుండి విడిపించిన పిల్లలలో చూమా అనే యావో జాతి బాలుడు ఒకడు. సూసీ షుపాంగా వాసి. 1863లో పడవ పనికి కూలికి కుదిరాడు.

1864లో చేతిలో డబ్బు లేక లివింగ్‌స్టన్ తన చిన్న ఆవిరిపడవను అమ్మదలచాడు. జాంజిబార్‌లో అమ్మితే అది బానిసల వ్యాపారుల పాలవుతుందన్న భయంతో, సరస్సుల కోసం కట్టిన ఆ పడవను తానే నడుపుకుంటూ హిందూమహాసముద్రం దాటాడు. 2,500 మైళ్లు, 45 రోజులు. వానకాలపు మేఘాలు కమ్ముకుంటుండగా జూన్ 13వ తేదీన బొంబాయి రేవు చేరాడు. సూసీ, చూమా వెంట ఉన్నారు. చూమాను, మరొక బాలుణ్ణి డాక్టర్ జాన్ విల్సన్ పాఠశాలలో చదువుకు వదలి, ఆయన ఇంగ్లండు వెళ్లాడు. పడవ అమ్మగా వచ్చిన సొమ్మును దాచిన బ్యాంకు దివాలా తీయడం వల్ల ఆ పైకం కూడ పోయింది.

మరుసటి సంవత్సరం సెప్టెంబరులో తిరిగి బొంబాయి వచ్చి, నాసిక్‌లోని శరణ్‌పూర్‌కు వెళ్లాడు. అరబ్బు ఓడల నుండి ఇంగ్లీషు నౌకాదళం విడిపించిన ఆఫ్రికా పిల్లలను తెచ్చి అక్కడ చదువు, చేతిపనులు నేర్పేవారు. శరణ్‌పూర్ అన్న పేరే సార్థకం. తల్లిదండ్రులెవరో, పుట్టిన ఊరేదో మరచిపోయిన ఆ పిల్లలు మరాఠీ మాటల మధ్య పెరిగి పెద్దవారయ్యారు. అక్కడినుండి తొమ్మిది మంది యువకులు లివింగ్‌స్టన్ వెంట వెళ్లడానికి ముందుకు వచ్చారు. బొంబాయి గవర్నరు సర్ బార్టిల్ ఫ్రెయర్ ఓడ ఏర్పాటు చేశాడు. 1866లో వారు ఆఫ్రికా గడ్డ మీద దిగారు.

బయలుదేరినవారిలో సిపాయీలు మధ్యలోనే వెనుదిరిగారు. కొందరు పారిపోయి, చేసిన తప్పు కప్పిపుచ్చుకోవడానికి దొర చనిపోయాడని కట్టుకథ అల్లారు. 1867 జనవరిలో ఇద్దరు కూలీలు మందుల పెట్టెతో సహా మాయమయ్యారు. క్వినైన్ లేకుండా ఆ అడవులలో బతకడమంటే ఏమిటో వైద్యుడైన ఆయనకు వేరే చెప్పనక్కరలేదు. ఆనాటినుండి ఆయన ఆరోగ్యం క్షీణిస్తూనే వచ్చింది. నాసిక్ కుర్రవారి పట్ల ఆయన కఠినంగా వ్యవహరించిన సందర్భాలున్నవి. వారిలో కొందరు విడిచిపోవడం వింత కాదు. నిలిచినవారు నిలిచారు.

1869 జనవరిలో ఆయనకు తీవ్రమైన న్యుమోనియా వచ్చింది. దగ్గితే రక్తం పడేది. అడుగు వేసే శక్తి లేదు. అప్పుడు ఆదుకున్నవాడు మొహమ్మద్ బొఘారిబ్ అనే అరబ్బు వర్తకుడు. ఆయనను డోలీలో ఎక్కించి, దారి పొడవునా పథ్యపు తిండి వండించి పెడుతూ, తన దగ్గర ఉన్న మందులిస్తూ, టాంగన్యీకా సరస్సు వరకు చేర్చాడు. ఈ బొఘారిబ్ వ్యాపారం దంతమూ బానిసలూ. ఏ వ్యాపారాన్ని రూపుమాపాలని లివింగ్‌స్టన్ తన జీవితం ధారపోశాడో, ఆ వ్యాపారం చేసేవాడే ఆయన ప్రాణం నిలిపాడు. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు మనసు ఒక పట్టాన సమాధానపడదు. లివింగ్‌స్టన్ కూడ ఆ సమాధానం కోసం వెదకినట్లు లేదు. ఆ మనిషి మంచితనాన్ని దినచర్యలో వ్రాసుకున్నాడు. ఆ వ్యాపారాన్ని ఖండించడం మానలేదు.

1871 జూలై 15న న్యాంగ్వే సంతలో అరబ్బు వర్తకుల మనుషులు వందలాది స్త్రీలను, పిల్లలను కాల్చి చంపడం ఆయన కళ్లారా చూశాడు. మనసు విరిగి ఉజీజీకి తిరిగి వచ్చేటప్పటికి ఆయన కోసం పంపిన సామగ్రి అంతా అమ్ముడైపోయి ఉన్నది. ఆ స్థితిలోనే న్యూయార్కు పత్రిక ఒకటి పంపిన విలేకరి స్టాన్లీ ఆయనను వెదకుకుంటూ వచ్చాడు. ఊరి బయట స్టాన్లీకి మొదట ఎదురువెళ్లి ఇంగ్లీషులో పలకరించినవాడు సూసీ. స్టాన్లీ తెచ్చిన మందులూ ఆహారమూ ఆయనకు ప్రాణం పోశాయి. తనతో ఇంటికి రమ్మని స్టాన్లీ బతిమాలినా ఆయన వినలేదు. నైలునది పుట్టుక తేల్చనిదే కదలనన్నాడు. ఆయన నైలు మూలమని నమ్మిన ఏరు నిజానికి కాంగో నదిలో కలిసేది. స్టాన్లీ తీరానికి పోయి 57 మందిని పంపాడు. వారిలో నాసిక్‌లో చదివిన జేకబ్ వెయిన్‌రైట్ ఉన్నాడు. 1872 ఆగస్టు 25న టబోరా నుండి ఆఖరి ప్రయాణం మొదలయింది.

అది వానలకాలం. బాంగ్వెయులు సరస్సు చుట్టూ నేల అన్నది కనబడదు. ఎటు చూచినా జమ్ము, బురద, నీరు. రక్త విరేచనాలతో ఆయన రోజురోజుకూ పాలిపోతున్నాడు. 1873 జనవరిలో ఒక వాగు దాటించడానికి సూసీ ఆయనను భుజాల మీద ఎక్కించుకుంటే నీరు సూసీ నోటిదాకా వచ్చింది. అలసినవాడు దించితే మరొకడు ఎత్తుకున్నాడు. నీటి అడుగున ఏనుగుల అడుగులు పడిన గోతులుంటాయి. మోసేవాడి కాలు వాటిలో దిగబడితే ఇద్దరు చేరి పైకి లేపాలి. అందరూ ఆవలి ఒడ్డు చేరడానికి గంటన్నర పట్టింది. ఒక్కొక్క రోజు అటువంటి వాగులు ఎన్నో.

ఏప్రిల్ చివరికి గాడిద మీద కూర్చోలేక జారి పడిపోయాడు. కర్రలు, గడ్డితో డోలీ కట్టి, పైన దుప్పటి కప్పి మోశారు. కుదుపుకు నొప్పి భరించలేక ఆయన మధ్య మధ్య దించమని వేడుకునేవాడు. 29వ తేదీన చితాంబో అనే నాయకుని పల్లెకు బయలుదేరే సమయంలో ఆయన గుడిసె గుమ్మం దాకా కూడ నడవలేనన్నాడు. డోలీ గుమ్మంలో పట్టదు. గోడ పగలగొట్టి పడక పక్కకు డోలీ తెచ్చారు. చితాంబో పల్లె చేరినప్పుడు సన్నగా వాన పడుతున్నది. పంట కాపలాకు జనం పొలాలలో ఉండడం వల్ల గుడిసెలు ఖాళీగా ఉన్నాయి. ఒక చూరు కింద ఆయనను ఉంచి, తమ గుడిసె కట్టారు. ఊరివారు విల్లంబులు చేతబట్టుకొని వచ్చి, ఆ తెల్లని రోగిని మౌనంగా చూస్తూ నిలబడ్డారు.

మరునాటి రాత్రి దూరాన కేకలు వినబడితే, అవి తమవారివేనా అని సూసీని అడిగాడు. చేలల్లో పడిన అడవిదున్నలను ఊరివారు తోలుతున్నారని సూసీ చెప్పాడు. లువాపులా నది ఇంకా ఎన్నాళ్ల దారి అని అడిగాడు. మూడు రోజులని సూసీ చెప్పాడు. మందు కలుపుకొని, ఇక పొమ్మన్నాడు. తెల్లవారుజామున, గుమ్మంలో పడుకున్న మజ్వారా అనే కుర్రవాడు భయపడి సూసీని పిలిచాడు. అందరూ వచ్చి చూస్తే పడక పక్కన మోకాళ్ల మీద, రెండు చేతులలో ముఖం ఉంచి, లివింగ్‌స్టన్ చల్లబడి ఉన్నాడు. 1873 మే 1వ తేదీ అని ఆయన సమాధి మీద చెక్కి ఉన్నది.

పరాయి ఊరిలో పరాయివాడు చనిపోతే వెంట వచ్చినవారు భారీ తప్పు కట్టవలసిన దేశం అది. శవమంటే దారిలోని ప్రతి పల్లెకూ భయం. అక్కడే పాతిపెట్టి వెళ్లిపోతే వారిని తప్పుపట్టే మనిషి లోకంలో ఉండడు. జీతం కూడ తీరం చేరితే వచ్చేదే గాని, శవం మోసినందుకు ఎక్కువ ఇస్తానన్నవారు లేరు. అందరూ కలిసి కూర్చొని సూసీ, చూమాలను నాయకులుగా ఎన్నుకొని, దొరను ఆయనవారి దగ్గరికే చేర్చాలని నిశ్చయించారు. పూర్వం మకొలోలో వారిని ఇంటికి చేర్చిన కథ వీరు విన్నారో లేదో, ఆ కథ మాత్రం ఇక్కడ తిరగబడింది.

భయం వల్ల మొదట మరణవార్తను దాచారు. అయినా చితాంబో చెవికి చేరింది. అతడు వచ్చి, తన దగ్గర ఎందుకు దాచారని నిష్ఠూరంగా అడిగాడు. తానూ ఒకప్పుడు సముద్రతీరం దాకా పరదేశాలు తిరిగినవాణ్ణేనని, ప్రయాణంలో మనుషులు చనిపోవడం ఎరుగుదునని, భయపడవద్దని ధైర్యం చెప్పాడు. అంత దూరం మోయడం అసాధ్యమని, ఇక్కడే పాతిపెట్టమని సలహా ఇచ్చాడు. వారు వినకపోతే ఒత్తిడి చేయలేదు. ఎర్రని వస్త్రం ధరించి, డప్పులతో, ఆయుధాలు ధరించిన జనంతో వచ్చి, తమ ఆచారం ప్రకారం పెద్దమనిషికి చేసే విలాపం చేయించాడు. ఒక్క రోజు పరిచయం కూడ లేని మనిషికి అతడు చూపిన గౌరవం ఇది.

జాంజిబార్‌లో ఒక వైద్యుని వద్ద సేవకుడుగా ఉండిన ఫరిజాలా, నాసిక్ విద్యార్థి కరాస్ కలిసి దేహాన్ని తెరిచి, హృదయాన్నీ తక్కిన లోపలి అవయవాలనూ తీసి, పిండి దాచుకునే రేకుపెట్టెలో పెట్టి చెట్టు కింద పాతారు. జేకబ్ ప్రార్థనపుస్తకం చూచి అంత్యక్రియల పాఠం చదివాడు. దేహానికి ఉప్పు దట్టించి, పధ్నాలుగు రోజులు ఎండబెట్టారు. గుడ్డలు చుట్టి, చెట్టు బెరడు దొప్పలో పెట్టి, తెరచాప గుడ్డతో కుట్టి, తారు పూశారు. ఆయన వస్తువులన్నిటికీ జేకబ్ జాబితా వ్రాశాడు. దినచర్యలు, పటాలు, పనిముట్లు, ఏ ఒక్కటీ పోకూడదన్న జాగ్రత్త అది. చెట్టు బోదె మీద లివింగ్‌స్టన్ పేరును, తేదీని చెక్కాడు. అడవి కార్చిచ్చుకు ఆ చెట్టు కాలిపోకుండా చుట్టూ గడ్డి తీయిస్తూ ఉండమని చితాంబోను కోరి, ఆనవాలుగా ఒక రేకుడబ్బాను, కొన్ని వార్తాపత్రికలను అతనికి ఇచ్చి బయలుదేరారు.

దాదాపు అరవై మంది. కొద్దిరోజులకే సగం మంది జబ్బుపడి నెల రోజులు కదలలేకపోయారు. ఇద్దరు స్త్రీలు చనిపోయారు. ఒకచోట పల్లెలోకి రానివ్వకపోతే పోరాటం జరిగి, వీరి చేతిలో ఊరివారి ప్రాణాలు పోయాయి. ఆ సంగతిని విడిచిపెట్టి చెబితే కథ నిజం కాదు. అక్టోబరులో టబోరా చేరినప్పుడు, లివింగ్‌స్టన్‌కు సహాయం కోసం ఇంగ్లండు నుండి వచ్చిన లెఫ్టినెంట్ కామెరాన్ కనబడ్డాడు. దేహాన్ని అక్కడే పాతిపెట్టమని ఆయన చెప్పాడు. చదువుకున్న దొర మాట, పైగా అధికారి. సూసీ, చూమా ఒప్పుకోలేదు.

కసెకెరా అనే చోట శవం తమ దారిన పోకూడదని ఊరివారు అడ్డుపడ్డారు. అప్పుడు వీరు ఒక ఉపాయం పన్నారు. శవాన్ని వెనక్కి పంపుతున్నట్లు నటించి, కర్రలు చుట్టిన మూటను ఆరుగురి చేత టబోరా వైపు పంపారు. వారు అడవిలో ఆ కర్రలను తలా ఒక దిక్కు పారవేసి, చాటుగా తిరిగి వచ్చారు. అసలు దేహాన్ని వర్తకుల బట్టలమూటలా కట్టి, తక్కిన మూటలతో కలిపి మోశారు. చితాంబో పల్లె విడిచి వేయి మైళ్లకు పైగా నడిచి, 1874 ఫిబ్రవరిలో బాగమోయో వద్ద సముద్రం చూశారు.

అక్కడ జరిగినది చెప్పడానికి మనసు ఒప్పదు. ఇంగ్లీషు ప్రతినిధి జీతాలు చెల్లించి వారిని పంపివేశాడు. ఆ సొమ్ము అతడు తన జేబునుండి ఇచ్చాడన్నది అతనికి కీర్తి. కాని ఓడలో వెంట రమ్మని సూసీ, చూమాలను పిలిచినవారు లేరు. చర్చి మిషనరీ సొసైటీ ఖర్చు పెట్టుకోవడం వల్ల నాసిక్ విద్యార్థి జేకబ్ ఒక్కడు దేహంతో ఇంగ్లండు చేరాడు. లండనులో సర్ విలియం ఫెర్గూసన్ అనే వైద్యుడు దేహాన్ని పరీక్షించి, ఎడమచేతి పైయెముకలో సింహం చేసిన ఆ పాత విరుపును చూచి, ఇది లివింగ్‌స్టన్ దేహమే అని నిర్ధారించాడు. 1874 ఏప్రిల్ 18న వెస్ట్‌మినిస్టర్ ఆబీలో అంత్యక్రియలు జరిగినప్పుడు శవపేటిక వెంట నడిచిన ప్రముఖుల నడుమ జేకబ్ ఉన్నాడు.

సూసీ, చూమా కొద్దికాలం తరువాత లివింగ్‌స్టన్ మిత్రుడు జేమ్స్ యంగ్ ఖర్చుతో ఇంగ్లండు వెళ్లారు. హొరేస్ వాలర్ ఆ దినచర్యలను గ్రంథంగా కూర్చేటప్పుడు, ఏ వాగు ఎక్కడ దాటారో, ఏ రాత్రి ఏమి జరిగిందో జ్ఞాపకం నుండి చెప్పినవారు వారిద్దరే. ఆఖరి గుడిసె ఎట్లా ఉండేదో నమూనా కట్టి చూపించారు. ఈ వ్యాసంలో చెప్పిన చివరి రోజుల సంగతులు వారు చెప్పబట్టే లోకానికి తెలిశాయి.

లివింగ్‌స్టన్ న్యాంగ్వే హత్యాకాండను గురించి వ్రాసిన ఉత్తరాలు స్టాన్లీ ద్వారా ఇంగ్లండు చేరి అలజడి పుట్టించాయి. ఒకప్పుడు బొంబాయి గవర్నరుగా ఓడ ఇచ్చిన ఫ్రెయర్‌నే సంధి కోసం జాంజిబార్ పంపారు. ఆయన మరణించిన అయిదు వారాలకు, 1873 జూన్ నెలలో, జాంజిబార్ బానిసల సంత మూతబడింది. ఆ సమయానికి వారు దేహాన్ని మోసుకుంటూ అడవిలోనే ఉన్నారు. వారికి ఆ కబురు తెలియదు.

రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ వారు ఆ అరవై మందికి వెండి పతకాలు చేయించారు. అవి వచ్చేటప్పటికి చాలామంది ఎవరి దారిన వారు చెదిరిపోయారు. చూమా 1882లో జాంజిబార్‌లో క్షయవ్యాధితో మరణించాడు. సూసీ 1886లో క్రైస్తవం స్వీకరించి డేవిడ్ అన్న పేరు పెట్టుకున్నాడు, 1891లో కన్నుమూశాడు. జేకబ్ మరుసటి సంవత్సరం ఉరాంబోలో పోయాడు. చితాంబో పల్లెలోని చెట్టు ముదిరి కూలే స్థితికి వస్తే 1899లో కొట్టివేసి, అక్షరాలున్న బోదె ముక్కను లండనుకు తీసుకుపోయి సొసైటీలో భద్రపరిచారు. నాసిక్‌లో చదువు నేర్చిన చేయి చెక్కిన అక్షరాలు అవి.